ఒకే బొండం, రెండు స్ట్రాలు

సైన్సును అర్థమయ్యేలా చెబితే చాలు, జనం మారిపోతారట. ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది.

నేను భూగర్భజలాల మీద పరిశోధన చేస్తాను. కిందటి వేసవిలో యాప్రాల్‌లో ఒక కాలనీవాళ్లు, కొత్త బోరు వేయాలా వద్దా చెప్పమని నన్ను పిలిచారు. మ్యాపులు, గ్రాఫులు చూపిస్తే కునుకు తీస్తారని నాకు తెలుసు. అందుకే ఒక కొబ్బరి బొండం పట్టుకెళ్లాను. అందులో ఒక పొడుగు స్ట్రా, ఒక పొట్టి స్ట్రా వేసి, ఇద్దరిని పిలిచి ఒకేసారి తాగమన్నాను. పొడుగు స్ట్రా ఆయన తాగుతూనే ఉన్నాడు. పొట్టి స్ట్రా పెద్దాయనకు కాసేపటికి గాలి తప్ప ఏమీ రాలేదు. హాలంతా ఒకటే నవ్వు.

"నేల కింద ఉన్నదీ ఒకే బొండం. మీరు ఇంకా లోతుకు తవ్వితే వచ్చేవి కొత్త నీళ్లు కావు, పక్క గల్లీవాళ్ల నీళ్లు" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మురిసిపోతూ ఇంటికొచ్చాను.

వారం తిరక్కముందే అటు వెళ్తే, ఆ కాలనీ గేటు పక్కనే బోరు లారీ దుమ్ము లేపుతోంది. నాకు నెత్తురు మరిగిపోయింది. నేను చెప్పిందేమిటి, మీరు చేస్తున్నదేమిటని అసోసియేషన్ ప్రెసిడెంట్ మీద అరిచాను.

ఆయన నొచ్చుకోలేదు సరికదా, నవ్వాడు. "మీరు చెప్పింది మస్తు సమజైంది సార్. గందుకే పక్క గల్లీ బోరు కంటే లోతుకు పోతున్నం. ఇగ మాది పొడుగు స్ట్రా."

తర్వాత నా చెవి దగ్గరికొచ్చి అన్నాడు: "జెర ఆ గల్లీల మాత్రం గీ బొండం ముచ్చట చెప్పకుండ్రి."