హోనోరా పూటకూళ్ళ ఇల్లు మూడుసార్లు కదిలిన వైనం

హోనోరా డూలన్ పూటకూళ్ళ ఇల్లు ఎక్కడుండేదని అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. ఏ నెలలో ఎక్కడుండేదని అడగండి, చెబుతాను. అమెరికాలో మా డకోటా గడ్డిమైదానాల్లో ఆ రోజుల్లో రైలుదారి ఎటు పోతే ఊరు అటు పోయేది. సర్వేవాళ్ళు దారి గుర్తుకు గడ్డిలో కొయ్యలు పాతడం ఆలస్యం, జనం ఇళ్ళ కింద దుంగలు దూర్చి, ఎడ్లను కట్టి అటు లాక్కుపోయేవాళ్ళు. ఊళ్ళో పన్నెండు ఎడ్లున్నది నాకొక్కడికే. నా నడుం ఎన్నిసార్లు పడిపోయిందో లెక్కలేదు.

హోనోరా ఐర్లండు మనిషి. మొగుడు పోతూ పోతూ రెండు గదుల చెక్క ఇల్లు, ఒక ఇనుప పొయ్యి మిగిల్చాడు. రైలుకట్ట పోసే కూలీలకు పంది మాంసం, చిక్కుడు గింజలు ఉడికించి పెట్టి బతికేది. రైలు ఆగే చోట ఇల్లుంటే జన్మకు ఢోకా లేదు. రెండు మైళ్ళు దూరమైందా, వచ్చి తినే దిక్కుండదు. అందుకే మొదటి కొయ్య కనబడగానే నా ఎడ్లు కట్టించి అందరికన్నా ముందు బయల్దేరింది. పొయ్యి ఆర్పమంటే వినలేదు. ఇల్లు నడుస్తూనే ఉంది, పొగగొట్టం పొగ కక్కుతూనే ఉంది, నేను మసి తుడుచుకుంటూనే ఉన్నాను.

నెల తిరక్కుండా ఆ కొయ్యలు పీకి దక్షిణాన పాతారు. మళ్ళీ లాగాం. మంచు కరిగాక ఇంకో సర్వే జట్టు దిగి, అవన్నీ ఉత్తుత్తి కొయ్యలని, అసలు దారి వాగు అవతలని తేల్చింది. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "లే టార్గర్, ఎడ్లను కట్టు. నీకు పుణ్యముంటుంది," అంది.

వాగు దాటాం. కొత్తగా పోసిన రైలుకట్ట మీదికి ఎక్కించాం. సరిగ్గా దాని నడినెత్తిన ముందు దుంగ ఫెళ్ళున చీలి, ఇల్లు చతికిలబడింది. మధ్యాహ్నానికల్లా పట్టాలు వేసే జట్టు వాకిట్లోకి వచ్చేసింది.

మేస్త్రీ క్విగ్లీ ముక్కోపి. గొడ్డళ్ళు తెచ్చి ఇల్లు నరికెయ్యమన్నాడు. హోనోరా మాత్రం తలుపు బార్లా తెరిచింది. లోపల ఉడుకుతున్న మాంసం వాసనకు జట్టులో అరవైమందీ సుత్తులు కింద పెట్టేశారు. అరిచి అరిచి క్విగ్లీ కూడా కూర్చున్నాడు.

క్విగ్లీకి మూడోసారి వడ్డిస్తూ, రైలు ఇక్కడ ఆగుతుందా అని అడిగింది. ఇంజనుకు నీళ్ళు పట్టుకోవడానికి పది నిమిషాలు ఆగుతుందన్నాడతను. హోనోరా చటుక్కున అతని పళ్ళెం లాగేసుకుంది.

"తమరు కూర్చుని ముప్పావుగంటయింది మేస్త్రీగారూ. పది నిమిషాల్లో జనం ఏం తింటారు, నా తలకాయా?"

"పైవాళ్ళకు రాస్తానమ్మా, ఇరవై చెయ్యమని. ముందు ఆ పళ్ళెం ఇలా ఇవ్వు."

"ముందు రాయండి."

రాశాడు. తిన్నవాళ్ళంతా కలిసి ఇంటిని ఎత్తి, పట్టాలకు నాలుగు బారల దూరంలో పెట్టారు.

ఆ ఉత్తరాన్ని పైవాళ్ళు లక్ష్యపెడతారని నేను నమ్మలేదు. మొదటి రైలు వచ్చిన రోజు హోనోరా గడపలో నిలబడింది. రైలు ఆగింది. ఇరవై నిమిషాలూ ఆగింది. దిగినవాళ్ళంతా వాకిట్లో తోసుకుంటుంటే, ఆవిడ వాళ్ళను పక్కకు నెట్టి, నన్ను ముందు కూర్చోబెట్టి వడ్డించింది. తిడదామని నోరు తెరిచాను గానీ ఏడుపొచ్చింది.