కళ్లు మూసుకుని విన్న ఆధునికత

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో క్యాంపస్‌లో క్లాసులు నడిచేవి కావు. మా సాహిత్యం సారు మమ్మల్ని తార్నాకలో తన ఇంటికి పిలిచి, సినిమాలో, నాట్యంలో, కట్టడాల్లో, కవిత్వంలో ఆధునికత ఎలా వచ్చిందో చెప్పేవారు. ఆయనది కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఇంత ప్రేమగా ఎందుకు పిలుస్తున్నారా అని నాకు మొదటి నుంచీ అనుమానమే.

ఒక సాయంత్రం ఏదో విదేశీ నృత్యానికి కట్టిన సంగీతం సీడీ పెట్టారు. సారుతో సహా అందరూ కళ్లు మూసుకున్నారు. అర్థం కానిదానికి తలలూపేవాళ్లను నేను నమ్మను. కళ్లు తెరుచుకునే కూర్చున్నాను. అందుకే సీడీ ఆగిపోవడం నేనొక్కడినే చూశాను. సరిగ్గా అప్పుడే పక్కనున్న మాణికేశ్వర్ నగర్ బస్తీ నుంచి వస్తున్న ఊరేగింపు డప్పులు వీధిలో మోగాయి.

సారు కళ్లు తెరవకుండానే వేలు పైకెత్తారు.

"విన్నారా ఆ దరువు? పాత కట్టుబాట్లన్నీ తెంచేస్తోంది. ఆధునికత అంటే ఇదీ!"

తలలన్నీ ఊగాయి.

"సార్, సీడీ ఎప్పుడో బందైంది. అది రోడ్డు మీద మనోళ్ల డప్పు," అన్నాను.

ఆయన కళ్లు తెరిచారు.

"అబ్బబ్బ, ఏం గోలయ్యా ఇది! ముందా కిటికీ మూసెయ్యి."