తల్లి ఒంటి వేడి ఎన్ని వాట్లు?

మొన్న ఖమ్మంలో ఇన్వర్టర్ కొందామని వెళ్తే, దుకాణాయన నూట యాభై ఆంపియర్ అవర్ల బ్యాటరీ చూపించి, రెండు ఫ్యాన్లూ నాలుగు లైట్లూ రోజంతా నడుస్తాయని ఊరించాడు. పన్నెండు వోల్టులను నూట యాభైతో హెచ్చవేస్తే పద్దెనిమిది వందల వాట్ అవర్లు, అంటే రెండు యూనిట్లు కూడా నిండవు, మీ రోజుకు ఎన్ని గంటలు నాయనా అన్నాను. ఆయన నవ్వేసి, "మీరు కరెంటాఫీసుల జేసిన్రా అమ్మా?" అన్నాడు. కాదు, నర్సుగా చేశాను. ఈ లెక్క ఒక పసిబిడ్డ దగ్గర తప్పి నేర్చుకున్నాను.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో దుమ్ముగూడెం దాటి అడవిలోకి వెళ్తే చాలా ఊళ్లకు కరెంటు తీగే లేదు. నా మొదటి పోస్టింగ్ అలాంటి ఊరి ఆరోగ్య సబ్‌సెంటర్‌లో. కప్పు మీద ఒక సోలార్ పలక, గదిలో ఒక బ్యాటరీ, దానికో ఇన్వర్టర్. ఊళ్లో పురుళ్లన్నీ పోసే ముసలవ్వ ఒకావిడ, తనలో తాను కోయ భాషలో గొణుక్కుంటూ, నాతో మాత్రం వచ్చిన తెలుగులో మాట్లాడేది. కొత్త ఉద్యోగం పొగరు కదా, ఆవిడ మాట చెవిన పెట్టేదాన్ని కాదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక ముసురులో, వాగు పొంగి భద్రాచలం దారి తెగిపోయిన రోజు పొద్దున, నెలలు నిండకుండానే ఒక పాప పుట్టింది. రెండు కిలోలు కూడా లేదు. అలాంటి బిడ్డకు చలి తగలకూడదని ట్రైనింగులో చెప్పారు కాబట్టి రెండు వందల వాట్ల బల్బు కింద పడుకోబెట్టాను. బ్యాటరీ మీద వంద ఆంపియర్ అవర్లని ఉంటే, వంద గంటలు వస్తుందనుకున్నాను! ఒక్క ఆంపియర్ చొప్పున తీస్తేనే వంద గంటలని, నా బల్బు పదహారుకు పైగా లాగేస్తుందని, నిండు బ్యాటరీ అయినా ఆరు గంటలకు మించదని అప్పుడు నాకేం తెలుసు? పైగా మూడు రోజులుగా ఎండ లేక అది సగం కూడా నిండలేదు. "బిడ్డను తల్లికియ్యి నర్సమ్మా" అని అవ్వ రెండుసార్లు అంటే కసురుకున్నాను. మధ్యాహ్నం కాకముందే బల్బు ఎర్రబడి ఆరిపోయింది. పాప పాదాలు చల్లబడ్డాయి.

అవ్వ తల్లి రవిక విప్పించి, పాపను రొమ్ముల మధ్య బోర్లా పడుకోబెట్టి, తలకు గుడ్డ చుట్టి, ఇద్దరినీ కలిపి చీరతో కట్టేసింది. గంటగంటకూ తల్లి చేత వేడి జొన్న జావ తాగించింది. "పొయ్యిల కట్టె వెయ్యాలె గద" అన్నది నాతో. సాయంత్రానికి పాప పాదాలు వెచ్చబడ్డాయి. నేను గోడకానుకుని ఏడ్చాను. వాగు తగ్గేదాకా మూడు రోజులు తల్లీబిడ్డలు అలాగే ఉన్నారు, పాప బతికింది.

పెళ్లయ్యాక, సైన్సు మాస్టారైన మావారు ఇదంతా విని కాగితం తీసుకున్నారు. కేలరీ అన్నా యూనిట్ అన్నా కొలిచేది ఒకే శక్తినని, వాట్ మాత్రం అది ఎంత వేగంగా ఖర్చవుతోందో చెబుతుందని వివరించారు. మనిషి రోజూ తినే రెండు వేల కేలరీల తిండి రెండు యూనిట్ల పైచిలుకట. ఇరవై నాలుగు గంటలకు పంచితే దాదాపు వంద వాట్ల వేడి, ఆగకుండా.

ఆ లెక్క అవ్వకు చెప్పి దండం పెడదామని వెళ్లేసరికి ఆవిడ పోయి ఏడాదైంది. పాప తల్లికే చెప్పాను. అంతా విని, "ఆ జొన్నలు అవ్వయే నర్సమ్మా. ఆ వానల అవ్వ ఇంట్ల ఇంకేం లెవ్వు. మూడు దినాలు తను ఏం తిన్నదో ఏమో" అన్నది.

ఇప్పుడు ఆ ఊరికి రోడ్డు పడింది, ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తుంది, ఇంటింటికీ మీటరుంది. సంతోషమే. ఎవరింట్లో ఎంత ఖర్చయిందో అంకెల్లో కనబడుతుంది. అవ్వ ఖర్చుపెట్టింది మాత్రం, మూడు రోజులూ పక్కనే ఉండి కూడా, నేను చూడలేదు.