వదిలేయాల్సిన రెండు వేళ్ళు

స్కానింగు జెల్ చల్లగా చేతికి తగిలితే చాలు, ఇప్పటికీ షమీమ్ మేడమ్ గుర్తొస్తారు. రెండువేల దశకంలో తెనాలిలో ఆవిడ దగ్గర నేను చిన్న డాక్టర్ని. పక్షవాతంతో బిగుసుకుపోయిన కండరాన్ని తెర మీద చూస్తూ, దాన్ని వదులు చేసే మందును సూదితో ఎక్కించేవారు. గర్భిణులకు వాడే మిషనుతో ఇదేం చోద్యమని తోటి డాక్టర్లు నవ్వేవారు. "నొక్కి చూసి తేల్చుకోవడానికి ఇదేమన్నా మామిడిపండా?" అనేవారు మేడమ్. సూది పట్టేముందు మాత్రం, ఆ చేత్తో ఇంకా ఏ పని జరుగుతోందో అడగాలి. అది ఆవిడ నియమం.

ఒకరోజు అడవులదీవి నుంచి నాగమ్మ తన భర్త కోటయ్యను తీసుకొచ్చింది. ఆయనకు మాట పడిపోయింది, కుడి పిడికిలి బిగిసిపోయింది. చివరి రెండు వేళ్ళ గోళ్ళు అరచేతిలో దిగి పుండు పడింది. "కడగనివ్వడండి, వాసనొస్తంది" అందామె. మేడమ్ స్కానింగు ప్రోబ్‌ను ఆయన ముంజేతికి ఆనించి పట్టుకున్నారు, సూది నా చేతిలో ఉంది. ఒక్కో వేలు కదిపితే దాని కండ ఒక్కటే తెర మీద కదులుతోంది. నాకు గర్వం తలకెక్కింది.

"నాలుగు వేళ్ళకీ చేస్తున్నావా? అడిగావా?" అన్నారు మేడమ్.

"అడిగానండి. ఆ చేత్తో పనేమీ లేదట." అబద్ధం.

కోటయ్య ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుని ఏదో గొణిగాడు. "కదలకు తాతా" అని కసిరి పని కానిచ్చాను.

నెల దాటినా వాళ్ళు మళ్ళీ రాలేదు. మేడమ్ నన్ను వెంటబెట్టుకుని రేపల్లె రైలెక్కారు, అక్కణ్ణుంచి బస్సు. కోటయ్య ఒళ్ళో చిరిగిన వల. మెత్తబడిన వేళ్ళ మధ్య దాన్ని ఇరికిస్తున్నాడు, అది జారిపోతోంది.

"పుండు మానిందండి" అంది నాగమ్మ. "కానీ చూపుడేలుకీ నడిమేలుకీ మధ్య ఊళ్ళోవాళ్ళ వల బిగించుకుని, ఎడం చేత్తో బాగుచేసేవాడండి. ఆ డబ్బుల్తోనే ఇన్నాళ్ళూ తిన్నామండి. ఆయన చెప్పలేడు సరే, మీరన్నా అడగొద్దా బాబూ?"

మేడమ్ నేల మీద కూర్చుని కోటయ్యకు చేతులు జోడించారు. "తప్పు నాదేనండి."

మందు బలం తగ్గడానికి మూడు నాలుగు నెలలు పట్టింది. వేళ్ళలో బిగువు తిరిగొచ్చింది. ఆలోగా వలలు వేరేవాళ్ళ చేతికి పోయాయి, పని తిరిగి రాలేదు.

ఆ రోజు తిరుగు రైల్లో అబద్ధం ఒప్పుకున్నాను. మేడమ్ కిటికీలోంచి చూస్తూ, "ఆయన నీ చెయ్యి పట్టుకున్నప్పుడే అనుమానమొచ్చింది. అయినా తెరే చూస్తూ ఊరుకున్నాను" అన్నారు. తిట్టుంటే తేలికపడేవాణ్ణి.