సంఘం బండి లేచిన విధం

సర్వశక్తిగల దేవునికి స్తోత్రం. మా సంఘం పాత ఎస్‌యూవీ వెనక భాగం కుంగిపోయి, ప్రతి స్పీడ్ బ్రేకరుకూ తగిలేది. కోడూరు నుంచి అందులోనే ఆదివారం ప్రభువు బల్ల ఆరాధనకు వచ్చే మామ్మగారు, "నా నడుం విరుగుతోంది బాబూ, ఇక రాలేను" అన్నారు. సంఘపెద్దలమంతా కలిసి స్ప్రింగు పట్టీలకు నూనె రాసి, మూడు రోజులు ఉపవాస ప్రార్థన చేశాం. బండి లేవలేదు.

చివరికి గుడివాడ తీసుకెళ్తే, అక్కడి మెకానిక్కు వెనక తలుపు తీశాడు. "ఈ జనరేటరు, సౌండ్ బాక్సులు ఎప్పట్నుంచి ఉన్నాయండీ?"

"పోయినేడు సువార్త కూటాల నుంచి" అన్నాను.

"ప్రార్థన చేసేటప్పుడైనా దించాల్సిందండీ."

సామాను దించి, విరిగిన పట్టీ మార్చాక బండి సమంగా నిలిచింది. ఆదివారం మామ్మగారు వచ్చారు. సామాను ఎవరింట్లో పెట్టాలో మాత్రం పెద్దలింకా తేల్చలేదు. అది మళ్లీ బండెక్కకుండా మీరూ నాతో కలిసి ప్రార్థించండి.