పై గదికి వెళ్ళిన వైరు

కేరళలోని మాళలో కాలవ అవతలి పేటకి కరెంటు వచ్చిన కొత్తల్లో, అక్కడి ఇళ్ళకి వైరింగ్ చేసినవాడు లోనప్పన్ చేట్టన్. వయసులో పెద్దవాడు కాబట్టి అన్నగారిలాగా అందరం చేట్టన్ అనే పిలుస్తాం. పని ఒప్పుకునే ముందు ఇంటివాళ్ళని కూర్చోబెట్టి, ఏ గదిలో ఏం వాడతారో అడిగేవాడు. లైట్లకీ ఫ్యాన్లకీ సన్న వైరు, వంటింటి ప్లగ్గుకి కాస్త లావుది, మేడ మీద విడిగా బోర్డు పెడితే దానికి తగినది. మా నాన్న తన కరెంటు సామాన్ల కొట్లో చౌక వైరు చూపిస్తే, చివర ఒలిచి, తీగని వేళ్ళ మధ్య నలిపి చూసి, వెనక్కి తోసేవాడు. ఇప్పుడా కొట్టు నేను నడుపుతున్నాను.

తంకమణి టీచరు ఇల్లు కూడా ఆయన చేసిందే. అంగన్‌వాడీలో పనిచేస్తూ, భర్త పోయాక ఆవిడ ఒక్కతే నిలబడి కట్టించుకున్న ఇల్లది. పైన రెండు గదులు. "పైన ఏం వాడతారు టీచరమ్మా?" అని అడిగితే, "ఏముంటాయి చేట్టా! రెండు ఫ్యాన్లు, లైట్లు, ఓ ఇస్త్రీపెట్టె" అందట. పై బోర్డుకి రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు లాగాడు. అప్పటి బతుక్కి అది ఎక్కువే.

మొన్నటి వేసవిలో కూతురు నిమ్మి పురిటికి వచ్చింది. ఆ ఎండలకి పసిపిల్ల ఒళ్ళంతా చెమటకాయలు. అల్లుడు రెజీష్ కొచ్చి నుంచి ఏసీ తెచ్చి పై గదిలో పెట్టించాడు. బాలింతకి మందాకుల నీళ్ళ స్నానం రెండు పూటలా తప్పదు కాబట్టి గీజరు, ఆ ఆకులు మరిగించడానికి కరెంటు పొయ్యి కూడా పైకే చేరాయి. మూడూ ఒకేసారి వేస్తే, బరువెక్కువైతే తనంతట తానే కరెంటు ఆపేసే ఎం.సి.బి. స్విచ్చు టప్పున పడిపోయేది. తలకి సబ్బు పెట్టుకుని నిమ్మి చీకట్లో కేకలు.

లోనప్పన్‌ని పిలిపించారు. ఆయన మెట్ల పక్క గోడ మీద, జ్వరం చూసినట్టు, అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"కింద మీటరు నుంచి పైకి కొత్త వైరు లాగాలమ్మా. ఇప్పుడున్నదానికి ఇంత బరువు మొయ్యడం కష్టం. పది ఎమ్మెమ్‌ది కావాలి."

"లాగెయ్యండి, ఎవరొద్దన్నారు?" అన్నాడు రెజీష్.

"పాత గొట్టంలో పట్టదు బాబూ. గోడ కొట్టాలి."

టీచరమ్మ రెండు చేతులూ ఎత్తేసింది. "పచ్చి బాలింత, పసిగుడ్డు! ఇంటినిండా సిమెంటు దుమ్మా? పాపకి మొలతాడు కట్టే వేడుక అయిపోనీ చేట్టా. ఆ మర్నాడే గోడలన్నీ నీ చేతికిచ్చేస్తా."

"పోనీ ఆ ఎం.సి.బి. పెద్దది పెట్టండి. పడకుండా ఉంటుంది" అన్నాడు రెజీష్.

"అది పడబట్టే వైరు బతికుంది. పడకపోతే కాలేది వైరే."

రెజీష్ నవ్వాడు. "మీకులాగే మీ వైర్లకీ వయసైపోయింది చేట్టా."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. పొయ్యి కిందకి దించమనీ, గీజరు వేసినప్పుడు ఏసీ ఆపమనీ చెప్పి వచ్చేశాడు. వాళ్ళు కొన్నాళ్ళు అలాగే చేశారు. తర్వాత ఎవరో కుర్ర ఎలక్ట్రీషియన్ వచ్చి, పెద్ద ఎం.సి.బి. పెట్టి వెళ్ళాడు. ఇక కరెంటు పోవడం లేదని అందరికీ హాయిగా ఉంది. ఆ సంగతి లోనప్పన్‌కి నా కొట్లోనే తెలిసింది. అప్పటికప్పుడు వాళ్ళింటికి వెళ్ళాడు. తలుపు తీసిన టీచరమ్మ గొంతు తగ్గించి, "అల్లుడు చేయించిన పని చేట్టా. నేనేం అనగలను?" అంది. ఆయన గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశాడు. పరాయి ఇంట్లోకి చొరబడి స్విచ్చులు పీకలేడు కదా.

వేడుక రోజు పందిట్లో అరిటాకులు వేసి మమ్మల్ని కూర్చోబెట్టారు. నా పక్కనే లోనప్పన్. మేడ మీద చుట్టాలు కిటకిటలాడుతున్నారు. ఏసీ ఆగలేదు, గీజరు ఆగలేదు, మళ్ళీ పైకి చేరిన పొయ్యి మీద పాయసం వేడెక్కుతోంది. పప్పులో నెయ్యి పడుతుండగా ఆయన తలెత్తి గాలి వాసన చూశాడు. ఎంగిలి చేత్తోనే లేచి మీటరు దగ్గరికి పరుగెత్తి మెయిన్ దించేశాడు.

దించినా లాభం లేకపోయింది. మెట్ల పక్క గోడలోంచి నల్లటి పొగ వస్తోంది, పై బోర్డు పక్కనున్న తెర అప్పటికే అంటుకుంది. దిగడానికి ఉన్నది ఆ మెట్లొక్కటే. ఆయన తడి తుండు ముక్కుకి కట్టుకుని సగం మెట్లు ఎక్కి, దగ్గు ఆగక అక్కడే కూలబడ్డాడు. మేమే కిందకి లాక్కొచ్చాం. కొబ్బరిచెట్లు ఎక్కేవాళ్ళ నిచ్చెన తెచ్చి, కిటికీ సన్‌షేడ్ మీదుగా ఒక్కొక్కళ్ళనీ దించారు. పాపకి ఏమీ కాలేదు. తెర లాగబోయిన నిమ్మికి కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది.

ఆమె అత్తగారు వాకిట్లో నిలబడి అరిచింది. "ఈ ఇంటికి వైరింగ్ చేసిన మహానుభావుడెవరు?"

ఎవరో ఆయన వైపు చూపించారు. లోనప్పన్ తల దించుకున్నాడు. రెజీష్ పాపని భుజానికెత్తుకుని అవతలికి వెళ్ళిపోయాడు. టీచరమ్మ కూతురి చేతి మీద నీళ్ళు పోస్తూ ఏడుస్తోంది.

"చెప్పొచ్చుగా చేట్టా, నువ్వు వద్దన్నావని!" అన్నాను దారిలో.

"చెప్తే ఆ పిల్ల చెయ్యి మానుతుందా? వైరు నాదేగా."

నిమ్మి ఆసుపత్రి నుంచి వచ్చేలోపు ఆయనే గోడ కొట్టి, లావు వైరు లాగి, కొత్త బోర్డు పెట్టాడు. గొట్టంలోంచి తీసిన పాత వైరు బొగ్గులా పొడిపొడిగా రాలింది. ఆ పిల్ల కుడిచేతి వేళ్ళు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. పాపని ఎడంచేత్తోనే ఎత్తుకుంటుంది.

ఆ తర్వాత ఆయన పేటలో ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు, తాను లాగిన వైర్లు మార్చుకోమని. ఏ ఇంట్లో చూసినా కొత్త ఏసీ. నిమ్మకాయ నీళ్ళిచ్చి, మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయని అడిగి, పంపేసేవారు. కొందరు, "ఇల్లు తగలబెట్టినవాడు మళ్ళీ వచ్చాడు" అని లోపల గుసగుసలాడుకునేవారు. ఒక్కరిద్దరు మాత్రం ఒప్పుకున్నారు.

మొన్న చక్కుణ్ణి అనే మేస్త్రి ఇంటి గేటు దగ్గర లోనప్పన్ కనబడ్డాడు. లోపల్నుంచి ఏసీ బిగిస్తున్న డ్రిల్లు చప్పుడు వస్తోంది.

"ఏమన్నారు చేట్టా?"

"పిల్ల పెళ్ళయ్యాక చూద్దామన్నారు." గేటు గడియ జాగ్రత్తగా వేశాడు. "వాళ్ళననడానికేముందిరా. సున్నం వేసి నెల కూడా కాలేదు. ఆ గోడ కొట్టమని నేను మాత్రం ఏ నోటితో అడగను?"

డ్రిల్లు ఆగింది. లోపల ఎవరో ఏసీ వేశారు.