కొట్టేసిన సంవత్సరం

అశోక్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో విద్యావతి పదకొండేళ్లుగా భూగోళశాస్త్రం చెబుతోంది. పక్క గదిలో ఫణికిరణ్ రెండేళ్లుగా పర్యావరణం చెబుతున్నాడు. మధ్యలో ఉన్నది ప్లైవుడ్ చెక్క మాత్రమే. ఆమె రుతుపవనాల దగ్గర ఉండగా అవతల నూరుమంది ఒక్కసారిగా నవ్వేవారు. ఆ నవ్వు చెక్కలోంచి నీళ్లలా ఊరి, బోర్డు మీద ఆమె గీసిన గాలి బాణాలను తడిపేసేది.

నారాయణగూడలోని ఇంటికి నడిచి వెళుతూ రోజూ కిషన్ రావు జిరాక్సు షాపు ముందు ఆగేది. బల్ల మీద ఇద్దరి నోట్సూ పక్కపక్కనే. అతని దొంతర పొద్దున మూరెడు, సాయంత్రానికి ఖాళీ. ఆమెది ఎప్పుడు చూసినా అదే ఎత్తు. ఒకరి ఖాళీని చూసి కూడా అసూయ పడవచ్చని ఆమెకు అక్కడే తెలిసింది.

2010 జనవరిలో, తెలంగాణ ఉద్యమం నడుమ బంద్ లేని ఒక రోజున, పేపర్లో ఆ వార్త వచ్చింది. హిమాలయాల్లోని హిమానీనదాలు 2035కల్లా మాయం కావచ్చని ప్రపంచ శాస్త్రవేత్తల నివేదికలో రాసిన మాటకు సరైన ఆధారం లేదని వాళ్లే ఒప్పుకున్నారు. ఆ సంవత్సరం విద్యావతి నోట్సు నలభై ఒకటో పేజీలో ఉంది, కింద రెండు గీతలతో.

“ఏంటండీ మేడమ్,” షాపు దగ్గర టీ తాగుతూ ఫణికిరణ్ అన్నాడు, “హిమాలయాలకి ఇంకా పాతికేళ్లేనా? మా అమ్మని ముందే కేదార్‌నాథ్ తీసుకెళ్లిపోనా?”

చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. అతను వెళ్లాక కిషన్ రావు మెల్లగా అన్నాడు.

“భూమి వేడెక్కుడు మొత్తం ఉత్తదే అంటున్నడు సారు. పోరగాళ్లకు మస్తు నచ్చింది. మీరు సుత జర గట్ల చెప్పరాదు మేడమ్?”

ఇంటిదాకా ఆమె ఆ మాటను మనసులో పలికి చూసుకుంది. అంతా ఉత్తదే. ఎంత తేలిక వాక్యం! పదకొండేళ్లలో తాను చెప్పిన ఏ వాక్యానికీ ఇలాంటి రెక్కలు లేవు.

మర్నాడు క్లాసులో తొమ్మిదిమందే ఉన్నారు. వాళ్లలో శ్రీదివ్య అనే అమ్మాయి లేచి అడిగింది.

“మేడమ్, పరీక్షల ఏం రాయాలె? మీదా, సార్‌దా?”

అప్పుడే చెక్క అవతల నవ్వు పొంగింది. తేలిక వాక్యం విద్యావతి నాలుక చివర నిలబడింది. బోర్డు మీద నిన్నటి గీత ఇంకా ఉంది. నూరేళ్ల ఉష్ణోగ్రత, తడబడుతూ, కిందికి దిగుతూ, మళ్లీ పైకే. దాన్ని తుడిచేస్తే తప్ప ఆ వాక్యానికి చోటు లేదు.

“నలభై ఒకటో పేజీ తియ్యుండ్రి. 2035 కొట్టేయుండ్రి. అది తప్పు. ఆధారం చూడకుండనే నేను గీతలు గీసిన.”

“మరి మంచు?”

“కరుగుతున్నది. అది కొట్టేయకుండ్రి. ఎన్నడు పోతదో మాత్రం నాకు తెల్వదు.”

సాయంత్రం షాపులో అసలు ప్రతి మీద కూడా తానే గీత కొట్టింది. కిషన్ రావు తల పట్టుకున్నాడు.

“ఇగ ప్రతి కాపీల గీ గీత పడ్తది మేడమ్! మంచిగ కొత్త పేజీ రాసియ్యరాదు?”

“పడనియ్యి.”

ఫణికిరణ్ నోట్సు అప్పటికే అయిపోయింది. అతని క్లాసు అమ్మాయి ఒకతె వచ్చి, “అన్నా, మేడమ్‌ది ఒకటియ్యి. గీత కొట్టిందే కావాలె” అంది.

విద్యావతి దొంతర ఒక కాపీ మందం తగ్గింది. ఆమె చూపు మాత్రం పక్కనే ఖాళీ అయిన అతని దొంతర చోటు మీదే ఉంది. కాసేపు దాన్నే చూసి, కొంగు సర్దుకుని నారాయణగూడ వైపు నడిచింది.